మార్షల్ బెరెస్‌ఫర్డ్ జీవితం ఎలా చదవాలి, దేనిమీద ఎక్కువసేపు ఆగాలి

చరిత్ర చదివే అలవాటున్నవాళ్లలో వెల్లింగ్టన్ పేరు విననివాళ్లు ఉండరు, నెపోలియన్ సంగతి చెప్పక్కర్లేదు. కానీ 1808 నుంచి 1814 దాకా పోర్చుగల్, స్పెయిన్‌లలో జరిగిన యుద్ధంలో వెల్లింగ్టన్ సైన్యంలో ఇంచుమించు మూడోవంతు పోర్చుగీసువాళ్లేనని, ఆ పోర్చుగీసు ఆర్మీని మళ్లీ నిలబెట్టింది ఐర్లాండ్‌లోని ఒక పెద్ద జమీందారీ కుటుంబానికి చెందిన విలియం కార్ బెరెస్‌ఫర్డ్ అని చెప్తే మాత్రం ఎవరాయన అంటారు. విన్నవాళ్లకి కూడా అల్బువేరా యుద్ధంలో తడబడ్డ జనరల్‌గానే గుర్తు. నాకది అన్యాయంగా అనిపిస్తుంది, అలాగని ఆయన్ని ఆకాశానికెత్తమని కూడా చెప్పను, 1817లో లిస్బన్‌లో ఏం జరిగిందో తెలిశాక ఎవరికీ అలా ఎత్తబుద్ధి కాదు.

తనది కాని దేశపు సైన్యానికి అధిపతి అయినవాడి జీవితాన్ని మామూలు జనరళ్ల కథలాగా ఒక యుద్ధం తర్వాత ఇంకో యుద్ధం అని చదువుకుంటూ పోతే సగం కూడా చేతికి రాదు. జీతాలు ఎవరిచ్చారు, రొట్టె ఎక్కణ్ణుంచి వచ్చింది, ప్రమోషన్లు ఎవరికి దక్కాయి, ఆ దేశంవాళ్లు ఆయన్ని ఏ కళ్లతో చూశారు అనేవి ముందు చదవాలి, యుద్ధాలు ఆ తర్వాత. బెరెస్‌ఫర్డ్ గురించి తెలుగులో వ్యాసమో వీడియోనో చెయ్యాలనుకునేవాళ్లకి, ఊరికే ఇష్టంతో చదివేవాళ్లకి కూడా పనికొస్తుందని నేను చదివే పద్ధతి రాస్తున్నా.

ముందు ఒక నోట్‌బుక్ తీసి పేర్ల పట్టిక వేసుకోండి, ఇది విసుగ్గా ఉంటుంది కానీ వెయ్యకపోతే రెండో రోజే దారి తప్పుతారు. ఒకే మనిషి బ్రిటిష్ కాగితాల్లో బెరెస్‌ఫర్డ్, పోర్చుగీసు కాగితాల్లో 1811 నుంచి ట్రాన్‌కోసో కౌంట్, తర్వాత కంపో మయోర్ మార్క్విస్, కొన్నిచోట్ల ఎల్వాస్ డ్యూక్, 1814 తర్వాత ఇంగ్లండ్‌లో లార్డ్ బెరెస్‌ఫర్డ్, 1823లో వైకౌంట్. వాళ్ల నాన్న జార్జ్ బెరెస్‌ఫర్డ్ కూడా మొదట టిరోన్ ఎర్ల్, 1789 నుంచి వాటర్‌ఫర్డ్ మార్క్విస్, అందుకే ఇద్దరు వేరే మనుషులేమో అనిపిస్తుంది. వెల్లింగ్టన్ కూడా అంతే, 1809 ఆగస్టు చివరి దాకా ఆయన సర్ ఆర్థర్ వెల్లెస్లీ. దాని పక్కనే హోదాలకి రెండు వరసలు గీసుకోండి, బ్రిటిష్ సైన్యంలో ఏ హోదా, పోర్చుగీసు సైన్యంలో ఏ హోదా అని. బెరెస్‌ఫర్డ్ 1809లో పోర్చుగల్‌కి మార్షల్, అదే సమయానికి సొంత బ్రిటిష్ ఆర్మీలో ఆయన మేజర్ జనరల్, పైన ఎంతోమంది సీనియర్లు ఉన్నారు. ఈ రెండు వరసలు పక్కపక్కన పెట్టి చూస్తే తోటి బ్రిటిష్ జనరళ్లు ఎందుకు గొణుక్కున్నారో ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

తర్వాత పుట్టుక. ఇక్కడ చాలామంది ఒక్క లైన్ రాసి దాటిపోతారు, మీరు దాటకండి. బెరెస్‌ఫర్డ్ 1768లో పుట్టాడు, పెద్ద ఇంటి కొడుకే కానీ పెళ్లి బంధంలో పుట్టిన కొడుకు కాదు, అంటే తండ్రి పేరు దొరికింది, పెంపకం దొరికింది, బిరుదు గానీ కర్రాగ్‌మోర్ ఎస్టేట్ గానీ ఎప్పటికీ దొరకవు. ఆంగ్లో ఐరిష్ అంటే ఆ రోజుల్లో ఐర్లాండ్‌లో భూమి, చర్చి, పార్లమెంటు, ఉద్యోగాలు చేతిలో పెట్టుకున్న ప్రొటెస్టెంట్ కుటుంబాలు, కింద జనంలో ఎక్కువమంది కేథలిక్కులు, వాళ్లకి చట్టాలే అడ్డం. ఈయన చిన్నాన్న జాన్ బెరెస్‌ఫర్డ్ డబ్లిన్‌లో రెవెన్యూ వ్యవహారాలన్నీ గుప్పిట్లో పెట్టుకున్న మనిషి. ఆస్తి రాని కొడుకులకి ఆ ఇళ్లల్లో ఉన్న దారి ఆర్మీ లేదా నేవీ, ఈయన ఆర్మీకి వెళ్లాడు, ఇలాగే పుట్టిన ఈయన సోదరుడు జాన్ పూ బెరెస్‌ఫర్డ్ నేవీలో చేరి అడ్మిరల్ అయ్యాడు. కొద్దిమంది పైన కూర్చుని ఎక్కువమందిని పాలించే ఇంట్లో పెరిగిన ప్రొటెస్టెంట్ కుర్రాడు నలభై ఏళ్ల వయసులో వెళ్లి పూర్తి కేథలిక్ దేశపు సైన్యానికి అధిపతి అయ్యాడు. ఆజ్ఞ ఇవ్వడం ఆయనకి ఇంట్లోనే అలవాటైంది, ఆ ఆజ్ఞ కింద ఉన్నవాళ్ల కోపం అంచనా వెయ్యడం మాత్రం చివరిదాకా అలవాటు కాలేదు అని నా అభిప్రాయం, 1817 దగ్గరికి వచ్చినప్పుడు ఇది మళ్లీ పనికొస్తుంది.

ఇప్పుడు మార్షల్ కాకముందు ఉన్న ఇరవై నాలుగేళ్లు. ఇక్కడ ప్రపంచ మ్యాప్ ఒకటి తెరిచి పెట్టుకుని వేలితో గీసుకుంటూ వెళ్లండి. 1785లో సైన్యంలో చేరాడు, మరుసటేడు నోవా స్కోషియాలో వేటకెళ్తే తుపాకీ గుండు తగిలి ఒక కన్ను పోయింది, ఆయన బొమ్మలు చూసినప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి. 1793లో టులోన్, ఆ తర్వాత కోర్సికా, ఆ తర్వాత ఇండియా, ఇక్కణ్ణుంచి 1801లో జనరల్ బెయర్డ్‌తో కలిసి ఎర్ర సముద్రం దాటి కొసీర్ రేవులో దిగి ఎడారి మీదుగా నైలు నది దాకా నడిచిన సైన్యంలో ఉన్నాడు. 1806 జనవరిలో కేప్ ఆఫ్ గుడ్ హోప్ పట్టుకున్నప్పుడు అక్కడున్నాడు. అదే ఏడాది నౌకాదళాధికారి పోపమ్ ఉత్సాహానికి తోడై పదిహేను వందల మంది చిల్లరతో దక్షిణ అమెరికాలో స్పెయిన్ చేతిలో ఉన్న బ్యూనస్ ఐరిస్ నగరాన్నే పట్టేసుకున్నాడు, జూన్‌లో పట్టుకున్నది ఆగస్టు 12న లినియర్స్ నాయకత్వంలో తిరగబడ్డ జనానికి లొంగిపోయి పోగొట్టుకున్నాడు, ఖైదీ అయ్యాడు, 1807లో తప్పించుకుని బయటపడ్డాడు.

ఈ బ్యూనస్ ఐరిస్ ఘట్టం దగ్గర కాస్త ఆగి చదవండి. ఊరిని పట్టుకోవడం ఒక పూట పని, పట్టుకున్న ఊళ్లో జనం మనవైపు లేకపోతే రెండు నెలలు కూడా నిలవలేం అని ఆయన ఒంటిమీద రాసినట్టు నేర్చుకున్న చోటు అది. వెంటనే 1807 చివర్లో మదీరా దీవికి పంపారు, పోర్చుగల్ దీవి, అక్కడ కొన్ని నెలలు గవర్నర్‌గా ఉండి పాలన చూశాడు, పోర్చుగీసు భాష పట్టుకున్నాడు. తర్వాత సర్ జాన్ మూర్ సైన్యంతో స్పెయిన్‌కి వెళ్లి, 1809 జనవరిలో కొరున్నా దగ్గర ఆ సైన్యం ఓడలెక్కి వెనక్కి వెళ్లిపోతుంటే అందరికన్నా వెనక నిలబడి కాపుకాసిన బ్రిగేడ్ ఈయనదే. పోర్చుగల్ వాళ్లు ఇంగ్లండ్‌ని ఒక జనరల్ కావాలని అడిగితే, ఇంతమంది సీనియర్లని కాదని ఈయన్ని ఎందుకు పంపారనేదానికి సగం జవాబు ఆ మదీరా నెలల్లో ఉంది.

తర్వాత పని, ఆయన చేతికొచ్చిన సైన్యం ఏ స్థితిలో ఉందో అర్థం చేసుకోవడం. ఇది వదిలేస్తే ఆయన చేసిన పని విలువ తెలీదు. 1807 నవంబర్‌లో ఫ్రెంచి జనరల్ జూనో లిస్బన్ మీదకి వస్తుంటే రాజకుటుంబం మొత్తం ఓడలెక్కి బ్రెజిల్ వెళ్లిపోయింది, రియో డి జనీరో నుంచే ప్రభుత్వం. జూనో వచ్చి పోర్చుగీసు సైన్యాన్ని చాలావరకు రద్దు చేసేశాడు, పనికొచ్చే వాళ్లని ఏరి పోర్చుగీసు లీజియన్ అని పేరుపెట్టి నెపోలియన్ కోసం పోరాడటానికి ఫ్రాన్స్‌కి పంపేశాడు. ఫ్రెంచివాళ్లు పోయాక మిగిలింది రెజిమెంట్ల పేర్లు, ముసలి ఆఫీసర్లు, ఆయుధాల్లేని కుర్రాళ్లు, కోపంతో ఊగిపోతున్న జనం. ఎంత కోపమంటే 1809 మార్చిలో బ్రాగా దగ్గర సొంత జనరల్ బెర్నార్దిం ఫ్రెయిరె ఫ్రెంచివాళ్ల ముందు వెనక్కి తగ్గమన్నాడని ద్రోహి అని జనమే చంపేశారు. సరిగ్గా ఆ నెలలోనే, మార్చి 15న, బెరెస్‌ఫర్డ్ లిస్బన్‌లో బాధ్యత తీసుకున్నాడు. ఇంకో రెండు వారాలకి, 29న, ఫ్రెంచి మార్షల్ సూల్ పోర్తో నగరాన్ని పట్టుకున్నాడు, పారిపోతున్న జనం డౌరో నది మీద పడవల వంతెన దగ్గర వందల్లో మునిగి చచ్చిపోయారు. ఈ తేదీలు వరసగా రాసుకుంటే ఆ మనిషి ఏ పరిస్థితిలో కుర్చీలో కూర్చున్నాడో కళ్లకి కడుతుంది.

ఇక్కడే ఇంకో పేరు తప్పకుండా రాసుకోండి, డోమ్ మిగెల్ పెరేరా ఫోర్జాజ్. లిస్బన్ రీజెన్సీలో, అంటే బ్రెజిల్‌లో ఉన్న రాజకుటుంబం తరఫున పాలించే ప్రభుత్వంలో, యుద్ధ వ్యవహారాలు చూసిన పోర్చుగీసు కార్యదర్శి. రెజిమెంట్లని తిరిగి లేపడం, మనుషుల్ని పోగెయ్యడం, కొత్త లెక్కల పద్ధతులు, వీటిల్లో చాలావాటికి పునాది బెరెస్‌ఫర్డ్ దిగకముందే ఆయన వేశాడు. ఇంగ్లీషులో రాసే చాలామంది ఆయన్ని ఒక పక్క పాత్రలా చూపించి క్రెడిట్ అంతా మార్షల్‌కే రాసేస్తారు, విదేశీ జనరళ్ల కథల్లో ఇది ప్రతిచోటా జరుగుతుంది, స్థానికంగా చెమటోడ్చిన మనిషి మాయమైపోతాడు. మీరు రాసేటప్పుడు ఇద్దరినీ పెట్టండి.

ఇప్పుడు అసలు భాగం, నాకు చాలా ఇష్టమైన భాగం కూడా. బెరెస్‌ఫర్డ్ ఆ సైన్యాన్ని ఎలా నిలబెట్టాడు. దీనికి యుద్ధ వర్ణనలు పక్కనపెట్టి ఆయన ఆర్డర్స్ చదవాలి. బాధ్యత తీసుకున్న రోజునుంచే దినాజ్ఞలు రాయించి, అచ్చు వేయించి రెజిమెంట్లన్నిటికీ పంపేవాడు. పోర్చుగీసులో ఉంటాయి, పాత సంపుటాలు కొన్ని స్కాన్ అయి ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి, పేజీని ఫోన్‌తో ఫొటో తీసి అనువాదం యాప్‌లో పెడితే విషయం తెలియడానికి సరిపోతుంది. వీరగాథల కోసం వెతక్కండి, ఆఫీసర్ సెలవు అయిపోయినా రాలేదు, ఫలానా వాడికి కోర్టు మార్షల్, ఫలానా రెజిమెంట్ బాగా నిలబడింది దానికి అభినందనలు, ఇలాంటివి వరసగా వస్తుంటాయి. మంచి పనైనా చెడ్డ పనైనా పేరుపెట్టి సైన్యమంతా చదివేలా అచ్చు వెయ్యడం, ఎంత పెద్ద ఇంటివాడైనా సరే వదలకపోవడం, ఇది ఆ దేశపు ఆఫీసర్లకి కొత్త. లిస్బన్ పెద్దింటివాళ్లకి ఈయనమీద మంట మొదలైంది ఇక్కడే.

ఆఫీసర్ల విషయంలో ఆయన పెట్టిన పద్ధతిని ఒక బొమ్మలాగా గీసుకోండి. బ్రిటిష్ ఆఫీసర్ ఎవరైనా పోర్చుగీసు సర్వీసులోకి వస్తే ఒక మెట్టు పై హోదా ఇస్తారు, ఆశ అది. కానీ రెజిమెంట్ మొత్తాన్ని బ్రిటిష్ వాళ్లతో నింపలేదు. కల్నల్ బ్రిటిష్ వాడైతే కింద లెఫ్టినెంట్ కల్నల్ పోర్చుగీసువాడు, బ్రిగేడ్ పోర్చుగీసు వాడిదైతే కింద కల్నల్ బ్రిటిష్ వాడు, ఇలా ఒకళ్ల మీద ఒకళ్లు, ఒకళ్ల కింద ఒకళ్లు వచ్చేలా అల్లాడు. ఆచరణలో ప్రతి రెజిమెంట్‌కీ ఇది పొసగలేదు, కానీ ఉద్దేశం ఇదే. వయసైపోయి ఏళ్లతరబడి ఒకే కుర్చీలో ఉన్నవాళ్లని పెన్షన్ ఇచ్చి ఇంటికి పంపి, కింద చురుగ్గా ఉన్న పోర్చుగీసు కుర్రాళ్లని పైకి లాగాడు. ఈ రెండోది ఎక్కువ ముఖ్యం అంటాను, ఎందుకంటే బ్రిటిష్ ఆఫీసర్లు వచ్చింది వందల్లోనే, సైన్యం పదుల వేలల్లో ఉంది, రోజూ నడిపింది పోర్చుగీసువాళ్లే.

డ్రిల్లు బ్రిటిష్ పద్ధతి తెచ్చాడు, పదాతి దళం ఇరవై నాలుగు లైన్ రెజిమెంట్లు, గుర్రపు దళం పన్నెండు రెజిమెంట్లు, వీటికి తోడు కాసదోర్స్ అనే తేలిక దళాలు, గోధుమరంగు యూనిఫాంలో ముందు వెళ్లి కొట్లాడేవాళ్లు, మొదట ఆరు బెటాలియన్లు, తర్వాత పన్నెండు అయ్యాయి. 1810 కల్లా పోర్చుగీసు బ్రిగేడ్‌లని తీసి బ్రిటిష్ డివిజన్లలో కలిపేశారు, పక్కపక్కన నడిస్తే ఒకళ్లని చూసి ఒకళ్లు నేర్చుకుంటారని. ఆ ఏడాది సెప్టెంబర్ 27న బుసాకో కొండ మీద ఫ్రెంచివాళ్లు ఎక్కుతుంటే ఈ కొత్త రెజిమెంట్లు గట్టిగా నిలబడ్డాయి. పద్దెనిమిది నెలల కింద ఆయుధాల్లేని కుర్రాళ్లు వీళ్లు.

డబ్బు గురించి విడిగా ఒక పేజీ పెట్టండి. ఇంగ్లండ్ మొదట పదివేల మంది పోర్చుగీసు సైనికుల ఖర్చు భరిస్తానంది, తర్వాత ఇరవై వేలు, తర్వాత ముప్ఫై వేలు. మిగతాది లిస్బన్ ఖజానా, అది ఎప్పుడూ ఖాళీయే, జీతాలు నెలల తరబడి ఆగేవి, ఎడ్లబండ్లు దొరికేవి కావు, రొట్టె వెనకబడేది. బెరెస్‌ఫర్డ్ ఉత్తరాల్లో ఈ గొడవే ఎక్కువ. 1813లో వెల్లింగ్టన్ లండన్‌కి రాసిన ఉత్తరంలో ఒక మాట ఉంటుంది, పోర్చుగీసువాళ్లు ఇప్పుడు మన సైన్యంలో పందెం కోళ్లు అని, దానికి కారణం మనం నేర్పిన చదువు కన్నా వాళ్ల జేబులు, కడుపులు చూసుకోవడమే అని. ఈ ఒక్క ఉత్తరం ఎదురుగా పెట్టుకుని మొత్తం జీవితం చదవొచ్చు.

ఇక్కడ మన ప్రాంతంతో నిజంగా ఉన్న ఒక సంబంధం చెప్పాలి. కడుపు నిండితేనే సైన్యం నడుస్తుందని వెల్లింగ్టన్ ఎక్కడ నేర్చుకున్నాడు అంటే దక్కన్‌లో. ఆయన కూడా డబ్లిన్‌లో పుట్టిన ఆంగ్లో ఐరిష్ మనిషే. 1799లో శ్రీరంగపట్నం మీదకి వెళ్లినప్పుడు హైదరాబాద్ నుంచి వచ్చిన నిజాం సైన్యంతో పాటు తన 33వ రెజిమెంట్‌ని పెట్టి ఆ దళాన్ని నడిపింది ఆయనే, మీర్ ఆలం అందులో నిజాం తరఫు పెద్ద. 1803లో అస్సాయే యుద్ధం నాటికి ఎడ్లు, బియ్యం, ధాన్యం మోసుకొచ్చే బంజారాల బిడారులు, వీటి లెక్కలే ఆయన ఉత్తరాల నిండా. పోర్చుగల్ కొండల్లో ఎడ్లబండ్ల కోసం ఆయన పడ్డ తాపత్రయం చదువుతుంటే ఆ దక్కన్ ఉత్తరాలు గుర్తొస్తాయి. వెల్లింగ్టన్ ఉత్తరాల సంపుటాలు కూడా స్కాన్ అయి ఉచితంగా దొరుకుతాయి, ఇండియా భాగం, పోర్చుగల్ భాగం పక్కపక్కన పెట్టి చదవండి.

ఇప్పుడు అల్బువేరా, 1811 మే 16. దీన్ని ఎవరో ఒకరి వర్ణన చదివి తీర్పు ఇవ్వకండి, కనీసం ముగ్గురివి, బ్రిటిష్, స్పానిష్, ఫ్రెంచి వైపు నుంచి ఒక్కోటి చదివి గంట గంటకి ఏం జరిగిందో ఒక కాగితం మీద రాయండి.

జరిగింది క్లుప్తంగా ఇది. బదహోస్ కోటని బెరెస్‌ఫర్డ్ ముట్టడిస్తుంటే దాన్ని కాపాడటానికి సెవిల్ నుంచి సూల్ వచ్చాడు. బెరెస్‌ఫర్డ్ దగ్గర బ్రిటిష్, పోర్చుగీసు, స్పానిష్ కలిపి ముప్ఫై అయిదు వేలు, సూల్ దగ్గర ఇరవై నాలుగు వేలు. మూడు దేశాల సైన్యాల్లో ఎవరు పెద్ద అనేది ముందే తేలాలి, స్పానిష్ జనరల్ కస్టాన్యోస్ హోదాలో పెద్దవాడైనా ఎక్కువ సైన్యం తెచ్చినవాళ్లే నడిపించాలని ఒప్పుకున్నాడు. సూల్ ఊరి వంతెన దగ్గర హడావుడి చేసి, అసలు బలాన్ని చెట్ల చాటున తిప్పి కుడివైపు నుంచి పడ్డాడు. బెరెస్‌ఫర్డ్ ఎదురుచూసింది వంతెన వైపు. ఆ దెబ్బని మొదట ఆపింది జయాస్ కింద ఉన్న కొద్దిమంది స్పానిష్ సైనికులు, వాళ్లు కదలకుండా నిలబడి ఉండకపోతే మిగతా కథ ఉండేదే కాదు, ఇది ఇంగ్లీషు వర్ణనల్లో చాలాకాలం అణిగిపోయింది. సాయానికి పరిగెత్తుకొచ్చిన కోల్‌బోర్న్ బ్రిగేడ్ వడగళ్ల వానలో ముందేముందో కనపడకుండా ఉండగా పోలిష్ ఈటె సైనికులు పక్కనుంచి వచ్చి పడి నిమిషాల్లో నాశనం చేశారు. ఒక ఈటెవాడు బెరెస్‌ఫర్డ్ మీదకే వస్తే ఆయన ఆ ఈటెని పక్కకి నెట్టి వాణ్ణి జీను మీదనుంచి లాగి కింద పడేశాడు, ఒంటి బలానికి, ధైర్యానికి ఆయనకి ఎప్పుడూ లోటు లేదు.

లోటు వచ్చింది తర్వాత గంటలో. హోటన్ బ్రిగేడ్ ఫ్రెంచి దళాలకి ఎదురుగా చాలా దగ్గరలో నిలబడి కాల్చుకుంటూ కరిగిపోతుంటే, ఆయన స్పానిష్ వాళ్లని ముందుకు తేవడానికి చూశాడు కుదర్లేదు, హామిల్టన్ పోర్చుగీసు డివిజన్ కోసం మనిషిని పంపాడు అది రావడం లేటైంది, ఊళ్లో ఉన్న జర్మన్ దళాలని వెనక్కి రమ్మన్నాడు, అంటే మనసులో వెనక్కి తగ్గే ఆలోచన మొదలైపోయింది. ఆ సమయంలో పోర్చుగీసు సర్వీసులో ఉన్న హెన్రీ హార్డింజ్ అనే ఇరవై ఆరేళ్ల ఆఫీసర్ వెళ్లి జనరల్ కోల్‌ని ముందుకు కదలమని ఒత్తిడి చేశాడు. కోల్ డివిజన్ కదిలింది, ఫ్యూజిలియర్ రెజిమెంట్లు కొండెక్కాయి, పక్కన హార్వే కింద ఉన్న పోర్చుగీసు బ్రిగేడ్ మీదకి ఫ్రెంచి గుర్రపు దళం వస్తే ఆ బ్రిగేడ్ చెదరకుండా వరసలో నిలబడి కాల్చి వెనక్కి కొట్టింది. యుద్ధం మలుపు తిరిగింది అక్కడ. ఈ హార్డింజే ముప్ఫై ఏళ్ల తర్వాత, 1844లో, మన దేశానికి గవర్నర్ జనరల్‌గా వచ్చాడు.

అంకెలు కూడా జాగ్రత్తగా చదవాలి. దాదాపు పదివేల మంది బ్రిటిష్ వాళ్లలో నాలుగు వేల పైచిలుకు చచ్చారు లేదా గాయపడ్డారు, పోర్చుగీసువాళ్ల నష్టం నాలుగు వందల లోపు. ఇది చూసి పోర్చుగీసువాళ్లు పోరాడలేదనేవాళ్లున్నారు, తప్పు, వాళ్లలో ఎక్కువమందిని వంతెన వైపు నిలబెట్టారు, దెబ్బ అటు రాలేదు, దెబ్బ వచ్చినచోట ఉన్న హార్వే బ్రిగేడ్ ఏం చేసిందో పైన చెప్పా. ఎవరు ఎక్కడ నిలబడ్డారో మ్యాప్ మీద చూడకుండా నష్టాల అంకెలతో ధైర్యం కొలవకూడదు.

యుద్ధం అయ్యాక బెరెస్‌ఫర్డ్ కుంగిపోయాడు. పై వాళ్లకి రాసిన రిపోర్ట్ ఓడిపోయినవాడు రాసినట్టు ఉంటే వెల్లింగ్టన్ దాన్ని విజయంలాగా తిరగరాయించాడు. కొన్నాళ్లకే ఆ దక్షిణ సైన్యాన్ని రోలాండ్ హిల్‌కి ఇచ్చి ఈయన్ని తిరిగి లిస్బన్‌కి, తనకి వచ్చిన పనికి, పంపారు. చాలామంది పుస్తకం ఇక్కడ మూసేస్తారు. మీరు 1812 డిసెంబర్ దాకా వెళ్లండి. తనకేమైనా అయితే సైన్యం ఎవరికివ్వాలని ప్రశ్న వచ్చినప్పుడు వెల్లింగ్టన్ రాసిన జవాబు బెరెస్‌ఫర్డ్ పేరే, తను దగ్గర లేనప్పుడు ఆయన నిర్ణయాలు తీసుకోవడంలో తడబడతాడని వింటున్నానని ఒప్పుకుంటూనే, ఇంత పెద్ద వ్యవహారాన్ని నడపగల మనిషి ఆయనొక్కడే అని. అల్బువేరా తెలిసిన మనిషే ఆ మాట రాశాడు. నాకైతే బెరెస్‌ఫర్డ్ మీద ఇంతకన్నా సరైన అంచనా ఎక్కడా కనపడలేదు.

ఆ తర్వాతి యుద్ధాలు వేగంగా చదివినా పర్లేదు. 1812 జూలైలో సలమాంకాలో గట్టిగా గాయపడ్డాడు, 1813లో విటోరియా, నివెల్, 1814లో ఓర్తేజ్, మార్చి 12న బోర్డో నగరంలోకి సైన్యంతో వెళ్లింది ఈయనే, ఏప్రిల్ 10న తులూజ్. వెల్లింగ్టన్ పక్కనుండగా ఇచ్చిన పని ఇచ్చినట్టు చేశాడు.

నెమ్మదించాల్సింది 1814 తర్వాత. యుద్ధం అయిపోయింది, బ్రిటిష్ జనరళ్లు ఇళ్లకి వెళ్లిపోయారు, బెరెస్‌ఫర్డ్ మాత్రం లిస్బన్‌లోనే మార్షల్‌గా ఉండిపోయాడు. రాజకుటుంబం ఇంకా రియోలోనే. పోర్చుగల్ జనం వైపునుంచి చూడండి, ఫ్రెంచివాళ్లు మూడుసార్లు వచ్చి దేశాన్ని తగలబెట్టిపోయారు, 1810 ఒప్పందంతో బ్రెజిల్ వ్యాపారంలో బ్రిటిష్ వాళ్లకి ప్రత్యేక రాయితీలు దక్కాయి, పన్నులు సైన్యానికే పోతున్నాయి, ఆ సైన్యం పైన విదేశీయుడు. ఆయన 1815లో రియోకి వెళ్లి రాజు దగ్గర ఇంకా ఎక్కువ అధికారాలు తెచ్చుకున్నాడు. సైన్యం తన చేతుల్లో ఉంటేనే పనవుతుందనే ఆలోచన, యుద్ధంలో అది నిజమే కావచ్చు, శాంతి వచ్చాక అదే జనానికి గొంతులో ముల్లయింది.

1817 మేలో కుట్ర జరుగుతోందని సమాచారం బెరెస్‌ఫర్డ్‌కి చేరింది, ఆయన దాన్ని రీజెన్సీ ముందు పెట్టాడు, అరెస్టులు జరిగాయి. అందులో గోమెస్ ఫ్రెయిరె డి అండ్రాద్ ఉన్నాడు, పెద్ద పేరున్న జనరల్, ఒకప్పుడు ఆ పోర్చుగీసు లీజియన్‌తో నెపోలియన్ వైపు పనిచేసినవాడు, దేశంలో ఫ్రీమేసన్లు అనే రహస్య సంఘానికి పెద్ద. అక్టోబర్ 18న ఆయన్ని టేగస్ నది ముఖద్వారం దగ్గర సావో జులియావో కోటలో ఉరితీశారు, మిగతా పదకొండు మందిని లిస్బన్‌లో కంపో డి సంతానా మైదానంలో. ఆ మైదానానికి ఇప్పుడు దేశంకోసం ప్రాణమిచ్చినవాళ్ల పేరే పెట్టారు. ఈ ఘట్టం రాసేటప్పుడు తొందరపడి అంతా బెరెస్‌ఫర్డే చేశాడు అని రాయొద్దు, తీర్పు ఇచ్చింది రీజెన్సీ కోర్టు, శిక్ష అమలు చేసింది పోర్చుగీసు ప్రభుత్వం. అలాగే ఆయనకేం సంబంధం లేదనీ రాయొద్దు, కాగితం కదిలింది ఆయన చేతిమీదుగా, దేశంలో బలమంతా ఆయన దగ్గర పోగై ఉన్నప్పుడు జరిగిన చావులవి. పోర్చుగల్ ఆయన్ని ఎలా గుర్తుపెట్టుకుందో తెలియాలంటే బుసాకో చదివితే చాలదు, ఈ పన్నెండు మంది గురించి చదవాలి.

1820 ఏప్రిల్‌లో ఆయన మళ్లీ రియోకి ఓడెక్కాడు, ఇంకా అధికారాలు, సైన్యానికి బాకీ జీతాలు అడగడానికి. ఆయన సముద్రం అవతల ఉండగానే ఆగస్టు 24న పోర్తోలో విప్లవం లేచింది, లేపినవాళ్లలో ఆయన తయారుచేసిన రెజిమెంట్ల ఆఫీసర్లు ఉన్నారు. బ్రిటిష్ ఆఫీసర్లందరినీ తీసేశారు. అక్టోబర్‌లో ఆయన ఓడ లిస్బన్ రేవుకి వస్తే ఒడ్డుకి దిగనివ్వలేదు, అటునుంచటే ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. వెల్లింగ్టన్ ప్రధాని అయినప్పుడు 1828 నుంచి 1830 దాకా ఆయుధశాఖ అధిపతిగా పనిచేశాడు, 1832లో అరవై దాటాక చుట్టరికం ఉన్న లూయిసా హోప్ అనే వితంతువుని పెళ్లి చేసుకున్నాడు, అల్బువేరా మీద విమర్శలకి ఆ రోజుల్లోనే కరపత్రాలతో జవాబులిచ్చాడు, 1854 జనవరిలో కెంట్‌లోని బెజ్‌బరీలో చనిపోయాడు.

ఈ పద్ధతి చేతికి రావాలంటే వెంటనే ఇంకో జీవితం మీద ప్రయత్నించండి, నేనైతే రిచర్డ్ చర్చ్ పేరు చెప్తా. 1784లో కార్క్‌లో పుట్టాడు, క్వేకర్ల కుటుంబం, యుద్ధమే పాపమనేవాళ్లు, ఇంట్లోంచి పారిపోయి సైన్యంలో చేరాడు, నేపుల్స్ రాజు దగ్గర జనరల్‌గా చేశాడు, 1827లో స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్న గ్రీకులు ఆయన్ని తమ భూసైన్యానికి అధిపతిని చేశారు. ఆ ఏడాది మేలో ఏథెన్స్ బయట ఘోరంగా ఓడిపోయాడు, యుద్ధం జరుగుతుంటే ఆయన ఒడ్డున లేడు, ఓడలో ఉన్నాడు. కానీ మీరు ఆ ఓటమితో మొదలుపెట్టకండి. ముందు నోట్‌బుక్‌లో ఆ గ్రీకు దళాలు ఎవరి మాట వినేవో, ఒక్కో దళానికి తిండి, జీతం ఏ నాయకుడు ఇచ్చేవాడో రాసుకోండి, చర్చ్ చేతిలో ఆ డబ్బు ఎంత ఉందో చూడండి, ఆ తర్వాత ఏథెన్స్ మ్యాప్ తెరవండి.